ఆమె పేరు మీద వచ్చిన ఆహ్వానపత్రం: మన కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘానికి బహిరంగ లేఖ

శ్రీకాకుళం

పూర్వ విద్యార్థుల సంఘం అధ్యక్షులకు, కార్యదర్శి గారికి, కార్యవర్గ సభ్యులకు, కాలేజీ ప్రిన్సిపాల్ గారికి నమస్కారాలు.

నేను మన కాలేజీలో 1979–82 బీఎస్సీ బ్యాచ్. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా బయాలజీ చెప్పి రిటైరయ్యాను. ఈ మాటలు మీ దగ్గరకు వచ్చి చెప్పొచ్చు. కానీ ఊరూరా ఉన్న మన పాత విద్యార్థులు, పోయినవాళ్ల ఇంటివాళ్లు కూడా చదవాలని అందరి ముందూ రాస్తున్నాను.

కిందటి డిసెంబరులో ఒక మధ్యాహ్నం నా స్నేహితురాలి భర్త మా ఇంటికి వచ్చారు. నరసన్నపేట వైపు నుంచి బస్సులో వచ్చారు. చేతిలో సంచి, సంచిలో ఒక కవరు. సంక్రాంతికి జరిగే సమ్మేళనానికి మన సంఘం పంపిన ఆహ్వానపత్రం అది. కవరు మీద ఆమె పేరు ఉంది, పెళ్లికి ముందు ఇంటిపేరుతో. పోస్టుమాన్ పుట్టింటికి తీసుకెళ్లి ఇస్తే, వాళ్లు ఎవరి చేతో ఈయనకు పంపారు. "దీన్నేటి చెయ్యమంటారమ్మా?" అని నన్ను అడిగారు. ఆమె చనిపోయి అప్పటికి ఎనిమిదేళ్లు.

ఆయన కోపంగా ఒక్క మాటా అనలేదు. చింపేద్దామంటే చెయ్యి రాలేదట. ఫొటో దగ్గర పెడదామంటే, పెట్టొచ్చో లేదో తెలియలేదట. ఆమె డిగ్రీ చేసి బయటికి వచ్చాక కాలేజీ నుంచి ఆమె పేరు మీద వచ్చిన మొదటి కాగితం అదే. మజ్జిగ ఇస్తే తాగి, కార్డు నా దగ్గరే వదిలేసి సాయంత్రం బస్సుకి వెళ్లిపోయారు.

ఇందులో ఎవరో ఒకరిని తప్పు పట్టడం నాకు ఇష్టం లేదు. అడ్రసులు రాసిన పిల్లలు పాత రిజిస్టరు చూసి రాశారు. ఆమె పోయిన సంగతి రిజిస్టరుకి ఎలా తెలుస్తుంది? ఎవరో ఒకరు వచ్చి చెప్పాలి. నేను పెద్దకర్మకు వెళ్లాను, భోజనం చేసి వచ్చాను, కాలేజీకి చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు.

జనవరిలో సమ్మేళనానికి వెళ్లాను. దివంగతులైన పూర్వ విద్యార్థుల పేర్లు మైకులో చదివారు. ఒకదాని వెనక ఒకటి, రైలు స్టేషన్లో ప్రకటన చదివినట్టు. కొన్ని ఇంటిపేర్లు తప్పాయి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి పేరు ముందు శ్రీమతి బదులు శ్రీ అని వచ్చింది. నా స్నేహితురాలి పేరు జాబితాలోనే లేదు. అందరం లేచి నిలబడ్డాం. రెండు నిమిషాల మౌనం అన్నారు, కళ్లు మూసుకున్నాను, ఆమె ముఖం సరిగ్గా గుర్తు తెచ్చుకునే లోపే "థ్యాంక్యూ, అందరూ కూర్చోండి" అన్నారు. ఆ తర్వాత సన్మానాలు, భోజనాలు.

నేను అడిగేది ఒక్కటే. పోయిన మన విద్యార్థుల్లో ప్రతి ఒక్కరికీ ఒక పేజీ రాయించండి. కాలేజీ వదిలాక ఎక్కడికి వెళ్లారు, ఏ పని చేశారు, ఎవరిని చదివించారు, ఊళ్లో దేనికి పేరు పడ్డారు. ఒక్క పేజీ. ఆ పేజీలన్నీ మన కాలేజీ లైబ్రరీలో, ఎవరు అడిగినా తీసి ఇచ్చే చోట ఉండాలి.

ఆ సమ్మేళనం అయిన వారానికి నేను కాలేజీ ఆఫీసుకి వెళ్లి, అనుమతి అడిగి మా సంవత్సరం అడ్మిషన్ రిజిస్టరు చూశాను. సీనియర్ అసిస్టెంట్ గారు దుమ్ము దులిపి, ఓపిగ్గా తీసి ఇచ్చారు. ఆయనకు నా కృతజ్ఞతలు. ఆమె వరస దొరికింది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చదివిన గ్రూపు, టీసీ ఇచ్చిన తేదీ. గుర్తింపు చిహ్నాల గడిలో రెండు పుట్టుమచ్చలు: ఎడమ చెంప మీద ఒకటి, కుడి మోచేతి మీద ఒకటి. ప్రవర్తన: సంతృప్తికరం.

చెంప మీది పుట్టుమచ్చ నాకు తెలుసు. మోచేతి మీద ఇంకొకటి ఉందని నాకు తెలియదు. మూడేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఎవరో గుమస్తా ఆ రోజు ఆమెను నిలబెట్టి, చూసి, శ్రద్ధగా రాసుకున్నాడు. అంత శ్రద్ధగా రాసుకున్న కాలేజీ ఆ తర్వాత ఆమె గురించి ఇంకో అక్షరం రాయలేదు. ఆ గడిలో వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. మా క్లాసులో మేం ఏడుగురం. ఇవాళ నాకు ఆచూకీ తెలిసినవాళ్లు ముగ్గురు. పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది. కొందరికి అత్తవారింట్లో పేరే మార్చేశారు. మగవాళ్లయితే పాత అడ్రసుకి ఉత్తరం వేస్తే అన్నో తమ్ముడో అందుకుంటాడు, బతికున్నాడో లేడో చెబుతాడు. ఆడవాళ్ల విషయంలో పుట్టిల్లే అమ్ముడుపోయి ఉంటుంది. అందుకే మన దివంగతుల జాబితాలో ఆడవాళ్ల పేర్లు అంత తక్కువ. జాబితా చూసినవాళ్లు మన కాలేజీలో చదివిన ఆడవాళ్లెవరూ చనిపోలేదనుకుంటారు. మీ దరఖాస్తు కాగితంలో పెళ్లికి ముందు పేరు, తర్వాత పేరు అని రెండు గడులు పెట్టండి. చిన్న మార్పే, దాంతో ఎంతమంది దొరుకుతారో మీరే చూస్తారు.

ఇంకో మాట. పేరున్నవాళ్ల గురించి మనకు బెంగ అక్కర్లేదు. కలెక్టరు అయినవాళ్లకు, ప్రజాప్రతినిధి అయినవాళ్లకు ఏడు రోడ్ల జంక్షన్లో ఫ్లెక్సీ పడుతుంది, పేపర్లో ఫొటో వస్తుంది. నేను అడుగుతున్నది మిగతావాళ్ల గురించి.

కవిటి మండలం నుంచి వచ్చిన ఒక బీకాం కుర్రాడు మా బ్యాచ్‌లోనే ఉండేవాడు. కబడ్డీ బాగా ఆడేవాడు. హాస్టల్లో ఉండేవాడు. వాళ్ల ఇంటివాళ్లు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు కాబట్టి పేరు రాయను. డిగ్రీ తర్వాత చెన్నైలో కొన్నేళ్లు సూపర్‌వైజరుగా చేసి, తండ్రి పోయాక కొబ్బరితోట చూసుకోవడానికి తిరిగి వచ్చాడు. ఉద్దానంలో పుట్టినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఆ పచ్చని తోటల మధ్య పల్లెల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లు ఖాళీ చేసిందో అందరికీ తెలుసు. ఎన్నో పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేల్చలేదు. అతనికీ అదే వచ్చింది. నలభై ఏడేళ్లకు పోయాడు.

ఇప్పుడు పలాసలో ఆస్పత్రి ఉంది. 200 పడకలతో, కిడ్నీ పరిశోధన కేంద్రంతో 2023 డిసెంబరులో ప్రారంభమైంది. అతని రోజుల్లో డయాలసిస్ అంటే విశాఖపట్నం ప్రయాణం. సోంపేటలో రైలెక్కి వెళ్లడం, వారం తిరక్కుండా మళ్లీ వెళ్లడం. ఈ మధ్య వాళ్ల ఇంటికి వెళితే అతని భార్య ఒక డైరీ చూపించారు. ఏ రైలుకి వెళితే సాయంత్రానికి తిరిగి రావచ్చు, ఎక్కడ తక్కువలో అన్నం దొరుకుతుంది, ఏ కాగితం లేకపోతే వెనక్కి పంపేస్తారు, ఊళ్లో ఎవరిది ఏ బ్లడ్ గ్రూపు... అన్నీ అకౌంట్స్ చదివిన మనిషి రాసినట్టు గళ్లు గీసి రాశాడు. తన తర్వాత జబ్బుపడేవాళ్ల కోసం రాశాడు. అతను పోయాక ఆ డైరీ ఆ వీధిలో చేతులు మారుతూ చాలాకాలం తిరిగిందట. అట్ట ఊడిపోయి, దారంతో కుట్టి ఉంది. కబడ్డీ కప్పులతో కాలేజీ ఆఫీసులో ఒక అద్దాల బీరువా ఉంది కదా, అందులో అతను గెలిచిన కప్పు కూడా ఉండే ఉంటుంది. దాని పక్కన ఆ డైరీలో ఒక్క పేజీ జిరాక్స్ పెట్టినా చాలు.

వాళ్ల అమ్మగారికి ఎనభై అయిదు దాటాయి. నేను కొడుకుతో చదువుకున్నానని కోడలు చెవిలో గట్టిగా చెబితే, నా చెయ్యి పట్టుకుని ఆవిడ అడిగింది ఇది: "మావోడు ఆస్టల్లో ఏటి తినీవోడమ్మా?" నాకు తెలియదు. హాస్టల్లో అతనితో ఉన్నవాళ్లకు తెలుసు. వచ్చాక ఇద్దరికి ఫోన్ చేశాను. ఆదివారం కోడికూర వండితే తన వాటా పక్కమంచం కుర్రాడికి ఇచ్చేసి, చారు పోసుకుని తినేవాడట. ఎందుకంటే ఆ పక్కమంచం కుర్రాడికి మెస్ బిల్లు కట్టే దారి లేక రెండు పూటలు మానేసేవాడట. ఆ సంగతి నేను మళ్లీ వెళ్లి ఆవిడకు చెప్పాను. ఆవిడ మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను.

అప్పుడే నాకు అర్థమైంది. పోయినవాళ్ల జీవితంలో మూడేళ్లు మన దగ్గర ఉండిపోయాయి. పదిహేడు నుంచి ఇరవై దాకా ఆ పిల్లలు ఎలా నవ్వేవారో, దేనికి ఏడ్చేవారో ఇంటివాళ్లకు తెలియదు. ఆ తర్వాతి జీవితం మనకు తెలియదు. రెండూ కలిపితేనే పేజీ నిండుతుంది. "ఇంటికి వెళ్లి అడిగితే వాళ్లు బాధపడతారు కదా" అని సంఘంలో ఒక పెద్దాయన నాతో అన్నారు. ఇప్పటికి మూడు ఇళ్లకు వెళ్లాను. కళ్లనీళ్లు పెట్టుకున్నారు, నిజమే. ఒక్క ఇంట్లోనూ నన్ను త్వరగా లేవనివ్వలేదు.

రాయడానికి కష్టమైనవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను దాటేయొద్దని ముందే అడుగుతున్నాను. 1967 నుంచి 1970 దాకా, నక్సలైట్ల సాయుధ పోరాటం రోజుల్లో ఈ జిల్లా ఏం చూసిందో మన పెద్దలకు గుర్తుంది. చదువులు మధ్యలో వదిలి కొండల్లోకి వెళ్లి తిరిగి రాని కుర్రాళ్లున్నారు. రిజిస్టర్లలో అలాంటివాళ్ల పేరు ఎదురుగా 'మానేశాడు' అన్న ఒక్క మాటతో సరిపోతుంది. వాళ్ల రాజకీయాలు మనకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. మన బెంచీల మీద కూర్చున్న పిల్లలు. అలాగే పరీక్ష తప్పి ప్రాణం తీసుకున్నవాళ్లు. 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనాతో పోయినవాళ్లు. వాళ్లలో టీచర్లు చాలామంది, నా తోటివాళ్లు. కడసారి చూపు కూడా లేకుండా పంపించాం. ఎలా పోయారన్నది ఇంటివాళ్లు రాయొద్దంటే రాయొద్దు. కులం, ఆస్తి, అప్పు, ఇవేవీ అడగొద్దు. ఆ మనిషి బతికిన రోజుల గురించి అడగండి.

మన పక్కనే ఉన్న సంగతి ఒకటి చెబుతాను. గురజాడ అప్పారావు గారు, గిడుగు రామమూర్తి గారు విజయనగరం మహారాజా వారి బడిలో సహాధ్యాయులు. గిడుగు వారిది మన జిల్లాయే, వంశధార ఒడ్డున శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేట. గురజాడ 1915 నవంబరు 30న పోయారు. గిడుగు 1940 జనవరి దాకా ఉన్నారు. స్నేహితుడు పోయిన తర్వాత ఇరవై నాలుగేళ్లు ఇద్దరూ నమ్మిన వాడుక భాష కోసం పనిచేస్తూనే ఉన్నారు. గురజాడ డైరీలు, ఉత్తరాలు కొందరు దాచి పెట్టబట్టే ఆయన ఏ రోజు ఏం ఆలోచించారో ఇవాళ మనం చదవగలుగుతున్నాం. అంత గొప్పవాళ్లతో మన పిల్లల్ని పోల్చడం ఏమిటని అనకండి. బడిలో ఉన్నప్పుడు వాళ్లూ పేరు లేని కుర్రాళ్లే.

ఇక మన ఊళ్లోనే ఉన్న కథానిలయం. కాళీపట్నం రామారావు మాస్టారు తనకు వచ్చిన పురస్కారాల సొమ్ముతో 1997 ఫిబ్రవరి 22న దాన్ని తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక చోట ఉండాలన్నది ఆయన పట్టుదల. మంచి కథ, చెడ్డ కథ అని ఏరలేదు. పాత పత్రికల కోసం ఊరూరా తిరిగారు, ఉత్తరాలు రాశారు, అడిగి తెచ్చుకున్నారు. ఆయన 2021 జూన్ 4న వెళ్లిపోయారు. కథలు అక్కడే ఉన్నాయి. బడిపంతులు ఒకాయన ఒక భాషలోని కథలన్నీ పోగుచేయడానికి పూనుకున్న ఊరు మనది. ఒక కాలేజీ తన పిల్లల కథలు పోగుచేయలేదా? మాస్టారు పాటించిన ఆ ఒక్క నియమం మనమూ పాటిద్దాం: ఏరొద్దు.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. ఈ సంగతి చెబితే, అక్కడ యేల్ విశ్వవిద్యాలయం పంతొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి 1952 దాకా, చనిపోయిన తన పట్టభద్రుల జీవిత వివరాలను ఏటా పుస్తకంగా అచ్చు వేసేదని చెప్పాడు. ఊరు, తల్లిదండ్రులు, చేసిన పని, పిల్లలు, ఎలా పోయారు, అన్నీ. కంప్యూటర్లు లేని రోజుల్లో, ఇంటివాళ్లకు ఉత్తరాలు రాసి, జవాబులు తెప్పించుకుని చేసిన పని అది. మనకు ఫోన్లున్నాయి.

పని ఎలా జరగాలో నాకు తోచింది చెబుతాను. తెలుగు, చరిత్ర చదివే మన ఇప్పటి విద్యార్థులను, ఎన్ఎస్ఎస్ పిల్లలను ఇద్దరిద్దరుగా పంపండి. ప్రతి జంటతో ఆ బ్యాచ్ పాత విద్యార్థి ఒకరు వెళ్లాలి, లేకపోతే ఇంటివాళ్లు మాట్లాడరు. ఫోన్లో గొంతు రికార్డు చేయమనండి, శ్రీకాకుళం మాట శ్రీకాకుళం మాటగానే ఉండనివ్వండి. రాసిన పేజీ ఇంటివాళ్లకు చదివి వినిపించి, సరే అన్నాకే పెట్టాలి. చనిపోయారన్న కబురు ఇంటివాళ్ల నోటి నుంచి వినకుండా జాబితాలో ఎవరి పేరూ చేర్చకూడదు, తీయకూడదు. ఒక ప్రతి మన లైబ్రరీలో, ఒకటి ఆ కుటుంబానికి, ఇంకొకటి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో. పాలకొండ వైపు వాళ్లను మరిచిపోవద్దు. 2022 ఏప్రిల్లో ఆ ప్రాంతం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది గానీ, ఆ పిల్లలు చదివింది ఇక్కడే.

ముందు గ్రూపు ఫొటోలు చూడండి. ఆఫీసు పక్క వరండాలో, మెట్ల కింద, స్టాఫ్ రూములో బీరువా మీద, ఎక్కడెక్కడో ఉన్నాయి. కింద అట్ట మీద 'కూర్చున్నవారు', 'నిలబడినవారు', 'ఎడమ నుంచి కుడికి' అని పేర్లు అచ్చు వేసి ఉంటాయి. మా సంవత్సరం ఫొటోకి చెమ్మ పట్టి రెండో వరసలో ముఖాలు సగం పోయాయి. ఆ వరసలో నలుగురు ఇప్పుడు లేరు. ఈ వానాకాలం గడిస్తే మిగతా సగమూ పోతుంది. అన్నిటికంటే ముందు వాటిని స్కాన్ చేయించండి, ఖర్చు నేను ఇస్తాను. పాత అటెండర్లు, హాస్టల్ వంటమనుషులు ఇంకా కొందరు ఉన్నారు. లెక్చరర్ల కంటే వాళ్లకే ఎక్కువ పేర్లు గుర్తు. వాళ్ల దగ్గర కూర్చోవడం కూడా ఆలస్యం చేయకూడదు.

ప్రిన్సిపాల్ గారూ, కాలేజీలను చూసి గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు పూర్వ విద్యార్థులతో కాలేజీ సంబంధాల గురించి అడుగుతారని, దానికి ఫైలు తయారు చేయాలని మీరే అన్నారు. ఈ పని ఆ ఫైలుకీ పనికొస్తుంది, సంతోషమే. కానీ దాని కోసం తొందరపడి నెలలో ముగించొద్దు. ఏడాదికి ఇరవై పేజీలు వచ్చినా చాలు, ఆగకుండా వస్తే.

వచ్చే సంక్రాంతి సమ్మేళనంలో జాబితా మొత్తం చదవొద్దని నా కోరిక. మూడు పేజీలు చదవండి. ముగ్గురి గురించి, నిదానంగా. ఆ ముగ్గురి ఇంటివాళ్లను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టండి. మిగతా పేర్లు గోడ మీద, తప్పుల్లేకుండా రాసి పెట్టండి.

నా స్నేహితురాలి పేజీ నేను మొదలుపెట్టాను. ఆమె భర్త చదివి, ఒక చోట దిద్ది, సరే అన్నారు. పేరు ఆ పేజీ మీద ఉంటుంది, ఇక్కడ రాయడం లేదు. ఇప్పటికి అందులో ఉన్నది ఇది:

"పోలాకి మండలం నుంచి రోజూ బస్సులో వచ్చేది. బస్సు తప్పితే మొదటి క్లాసు పోయేది, మధ్యాహ్నం నా నోట్సు చూసి ఎక్కించుకునేది. జువాలజీ రికార్డులో ఆమె బొమ్మలు చూసే మిగతావాళ్లు వేసుకునేవారు. ఫైనలియర్లో పెళ్లయింది. పరీక్షలకు అత్తవారింటి నుంచి వచ్చి రాసి, పాసైంది. ఎమ్మెస్సీ చదవాలని ఉండేది, కుదరలేదు. ఉద్యోగం చేయలేదు. ఊళ్లో డ్వాక్రా సంఘానికి పద్దెనిమిదేళ్లు లెక్కలు రాసింది. వేలిముద్ర వేసేవాళ్లందరికీ సంతకం నేర్పాకే లోను కాగితాల మీద పెట్టనిచ్చింది. సాయంత్రాలు అరుగు మీద పదో తరగతి పిల్లలకు సైన్స్ చెప్పేది, డబ్బు తీసుకునేది కాదు, కూరగాయలు తెస్తే తీసుకునేది. సంక్రాంతి ముగ్గుల్లో సీతాకోకచిలుక వేస్తే రెక్కల్లో ఈనెలు కూడా లెక్క తప్పకుండా వేసేది. 2016లో క్యాన్సర్‌తో పోయింది. ఆ ఏడాది ఆ వీధిలో పిల్లలు ఆమె వాకిట్లో తామే ముగ్గు వేశారు."

భర్త దిద్దింది కూరగాయల దగ్గర. నేను మొదట 'ఏమీ తీసుకునేది కాదు' అని రాశాను. "ఆనపకాయ తెస్తే తీసుకునీదమ్మా, లేకపోతే ఆ పిల్లలు చిన్నబోతారని" అన్నారు.

చిన్నతనం గురించి ఇంకా రాయలేదు. ఆమె చెల్లెలు పలాసలో ఉంటుంది, ఆమెకు తెలుసు. వచ్చే ఆదివారం ఉదయం బస్సుకి వెళ్తున్నాను. ఆహ్వానపత్రం కూడా తీసుకెళ్తున్నాను, ఆ పేజీ వెనక అతికించడానికి చెల్లెలు కూడా ఒప్పుకుంటే.

ఇట్లు,
1979–82 బీఎస్సీ బ్యాచ్ విద్యార్థిని